ఈ సెకండరీ స్కూల్‌ని మొదటి ఛాయిస్‌గా పెట్టొచ్చా?

నమస్తే అండీ. ఇంగ్లండ్‌లో పిల్లల్ని ప్రభుత్వ సెకండరీకి పంపినవాళ్లు కాస్త సలహా ఇవ్వండి. మా అమ్మాయి ఇయర్ 6, అంటే ప్రైమరీ చివరి ఏడాది. అక్టోబరు 31 లోపు కౌన్సిల్‌కి అప్లికేషన్ పెట్టాలి.

దగ్గర్లోని స్కూల్‌కి, బడుల్ని తనిఖీ చేసే ఆఫ్‌స్టెడ్ 2022లో 'గుడ్' ఇచ్చింది. 2024 సెప్టెంబరులో ఆ ఒక్క మాట గ్రేడే ఎత్తేశారు, ఇప్పుడు దానికి విలువెంత? పోనీ ప్రోగ్రెస్ 8 (ఇయర్ 6లో రాసే శాట్స్ పరీక్షల నుంచి పదహారేళ్లకి రాసే జీసీఎస్ఈ దాకా పిల్లలు ఎంత ముందుకెళ్లారో చూపే కొలత) చూద్దామంటే, 2025లో జీసీఎస్ఈ రాసిన బ్యాచ్‌కి అది లెక్క కట్టనే లేదు. కోవిడ్ వల్ల వాళ్లు ఇయర్ 6లో శాట్స్ రాయలేదు. మిగిలింది అటైన్‌మెంట్ 8, అంటే జీసీఎస్ఈలో ఎనిమిది సబ్జెక్టుల గ్రేడ్ల స్కోరు. చేరేటప్పటికే బాగా చదివే పిల్లలుంటే అది ఎలాగూ ఎక్కువే వస్తుంది, అందులో బడి గొప్పేముంది?

ఓపెన్ ఈవెనింగ్‌కి వెళ్లాం. ల్యాబ్‌లో రంగురంగుల మంటలు, నవ్వు మొహాలు, అంతా పెళ్లి హడావుడి! మమ్మల్ని తిప్పిన కుర్రాణ్ణి మీ లెక్కల టీచర్ ఎలా చెప్తారని అడిగితే, "ఎవరు? ఈ ఏడాది ముగ్గురు మారారు" అన్నాడు. పక్కనున్న మేడమ్ వెంటనే మాట మార్చేశారు. అప్పట్నుంచీ నాకు అదే టెన్షన్.

పైగా నిరుడు చివరి సీటు 1.3 మైళ్ల దూరంలోని పిల్లకి వచ్చిందట. మాది 1.25. ఇప్పటికే అక్కడ చదివేవాళ్ల తోబుట్టువులు ఈసారి ఎక్కువమంది వస్తే మా గతేంటి?

మన ఛాయిస్‌ల వరస స్కూల్‌కి తెలియదు కాబట్టి దీన్నే మొదట పెట్టి, కచ్చితంగా వచ్చేదాన్ని కింద పెడదామని మావారు అంటున్నారు. మీరు అలా చేశారా? టీచర్లు నిలవడం లేదన్న సంగతి మామూలు రోజు వెళ్తే బయటపడుతుందా, ఎవర్ని ఏమడగాలి?