సీ కయాక్: చుక్కానితో తిప్పాలా, పడవను వంచి తిప్పాలా?

ప్రశ్న:
ఐదు మీటర్ల పైచిలుకు పొడవున్న కయాక్ (కాళ్లు చాపి లోపల కూర్చుని తెడ్డుతో నడిపే సన్నటి పడవ), వెనక చుక్కాని ఉంది. పక్కగాలికి ముక్కు గాలివైపే తిరిగిపోతోంది. చుక్కాని దించితే సర్దుకుంటుంది. అది ఎత్తేసి పడవను వంచి నడపమంటున్నారు. కానీ కుడికి వంచితే ఎడమకి తిరుగుతోంది! ఎక్కడ తప్పు?

జవాబు 1:
తప్పేం లేదండీ, అలాగే తిరగాలి. కుడి అంచు మునిగితే ఆ వైపు నీటిలో వంపు ఎక్కువవుతుంది, పడవ లేచిన వైపుకి తిరుగుతుంది. ఎడమకి తిరగాలంటే బరువు కుడి పిరుదు మీదకి మార్చి, ఎడమ మోకాలితో, కాళ్ల పైన కప్పులా ఉండే డెక్‌ని కింది నుంచి పైకి ఎత్తండి. వంగాల్సింది నడుము దగ్గరే. తల, ఛాతీ పడవ మధ్యలోనే ఉండాలి. ఒళ్లంతా బయటికి వాలిస్తే బరువు తెడ్డు మీద పడుతుంది, తెడ్డు జారితే బోల్తా. అలా వంచి పట్టుకునే, కుడివైపు పాదాల దగ్గర తెడ్డు ముంచి, దూరంగా అర్ధచంద్రాకారంలో వెనక దాకా లాగండి.

జవాబు 2:
మలుపులకి అదే సరైన పద్ధతి. గాలి సంగతి వేరు. ముందుకి పోతున్నప్పుడు ముక్కుని నీరు గట్టిగా పట్టుకుంటుంది, వెనక కొసకి ఆ పట్టు ఉండదు, గాలి దాన్నే పక్కకి నెడుతుంది. గాలి వచ్చే వైపు అంచు ముంచితే సరిచేయొచ్చు గానీ, గంటసేపు అలా కూర్చుంటే నడుము పట్టేస్తుంది. అక్కడ చుక్కాని దించడం చిన్నతనం కాదు. కొద్ది కోణం చాలు, ఎక్కువ తిప్పితే బ్రేకులా పనిచేస్తుంది. సామానులో బరువైనవి కొంచెం వెనక్కి సర్దినా తేడా తెలుస్తుంది.

చుక్కానిని కాళ్లతో తిప్పే మీ పెడల్స్ ముందుకీ వెనక్కీ జారే రకమా?

ప్రశ్న అడిగినవారు:
అవునండీ, జారేవే.

జవాబు 2:
అసలు ఇబ్బంది అదే. పాదానికి గట్టి ఆనిక లేకపోతే మోకాలు డెక్‌ని పట్టుకోలేదు, పడవ వంగదు. పాదం ఆనే భాగం కదలకుండా, వేళ్ల దగ్గరి పలక మాత్రమే వంగే రకం బిగించుకోండి.

జవాబు 3:
వెనక నుంచి నిటారు అలలు వచ్చేటప్పుడు చుక్కానినే నమ్ముకోకండి. శిఖరం మీద వెనక కొస గాల్లోకి లేస్తుంది, చుక్కాని నీటికే తగలదు. చుక్కానిని పెడల్స్‌కి కలిపే కేబుల్ వంపు తిరిగేచోటా, పెడల్‌కి కలిసేచోటా పోగులు తెగుతుంటాయి, బయల్దేరేముందు చూడండి. ఒడ్డుకి చేరేముందు, వెనక్కి తెడ్డు వేసేముందు, పడినవారు పడవ ఎక్కేటప్పుడు చుక్కాని పైకి ఎత్తే ఉండాలి.