మే నెలలో అత్తామావలు, పిల్లలు వస్తున్నారు: బెంగళూరులో ఎటు తిప్పాలి?

గుంటూరు_కోడలు (కాడుగోడి)
అందరికీ నమస్కారం. ఈ వేసవికి మా అత్తయ్యగారు, మావయ్యగారు, మా ఆడపడుచు పిల్లలిద్దరూ (అమ్మాయికి పన్నెండు, అబ్బాయికి ఎనిమిది) గుంటూరు నుంచి మా దగ్గరికి వస్తామన్నారు. మాది రెండు బెడ్‌రూముల ఫ్లాటు, పై అంతస్తు, ఏసీ లేదు. మావారికి వారంలో మూడు రోజులు ఆఫీసు. నాకు ఇంటి నుంచే పని గానీ మధ్యాహ్నం రెండు దాటితే వరుసగా మీటింగులు. అత్తయ్యగారికి మోకాళ్ల నొప్పులు, మెట్లు ఎక్కలేరు. మావయ్యగారు రిటైరైన టీచరు, ఒకచోట కుదురుగా కూర్చునే మనిషి కాదు. ఎప్పుడు రమ్మనాలి, రైలా బస్సా, ఎక్కడికి తీసుకెళ్తే బాగుంటుంది? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి. ఇంటర్నెట్లో దొరికే 'చూడదగ్గ పది ప్రదేశాలు' వద్దు, అవన్నీ చదివేశాను.

నెల్లూరు_టు_నాగవార
ముందు సెలవుల లెక్క చూసుకోండి. ఆంధ్రాలో బళ్లకి మామూలుగా ఏప్రిల్ 24 నుంచి సెలవులిచ్చి జూన్ 12న తెరుస్తారు. ఇక్కడి స్టేట్ సిలబస్ బళ్లు ఏప్రిల్ పదో తేదీ దాటగానే మూసి మే నెలాఖరుకే తెరుస్తారు. అంటే అటు పిల్లలూ ఇటు పిల్లలూ కలిసి ఖాళీగా దొరికేది మే నెల ఒక్కటే. అందులోనూ రెండో వారం దాటాక రమ్మనండి. బెంగళూరంటే చల్లగా ఉంటుందని మన ఊళ్లో ఇంకా నమ్ముతారు. 2024 ఏప్రిల్ చివర్లో ఇక్కడ 38 డిగ్రీలు దాటింది. ఏసీ లేని పై అంతస్తులో అది ఎలా ఉంటుందో మీకే తెలుసు. గుంటూరులో కనీసం ఏసీ వేసుకుని పడుకుంటారు.

మే సగం అయ్యేసరికి సాయంత్రాలు వాన పడుతుంది, రాత్రి దుప్పటి కావాలి. అయితే ఆ వాన చెప్పి రాదు. గాలికి కొమ్మలు విరిగిపడతాయి, రోడ్లన్నీ ఆగిపోతాయి. తిరుగుళ్లన్నీ పొద్దున పెట్టుకుని మూడింటికల్లా ఇల్లు చేరండి.

బెర్తు_బాబాయ్
రైలే. ఇందులో ఆలోచించడానికేమీ లేదు. ఇదివరకు 120 రోజుల ముందు రిజర్వేషన్ చేసుకునేవాళ్లం, 2024 నవంబరు నుంచి 60 రోజులే. మే 15 ప్రయాణమైతే మార్చి 16న పొద్దున ఎనిమిదింటికి ఫోను పట్టుకుని కూర్చోవాలి. వేసవిలో తత్కాల్ మీద ఆశ పెట్టుకోవద్దు.

చాలామందికి తెలియని సంగతొకటి. 60 దాటిన మగవాళ్లకీ, 45 దాటిన ఆడవాళ్లకీ లోయర్ బెర్తు కోటా ఉంది. కానీ ఆ టికెట్ మీద వాళ్లొక్కరో ఇద్దరో మాత్రమే ఉండాలి. పిల్లల్ని కూడా కలిపి నలుగురికీ ఒకే టికెట్ తీస్తే ఆ కోటా పోయినట్టే, అత్తయ్యగారికి అప్పర్ వచ్చినా రావచ్చు. అందుకని పెద్దవాళ్లిద్దరికీ విడిగా తీసి, వెంటనే పిల్లలకి ఇంకోటి తీయండి. ఒకే బోగీలో పడకపోతే బండెక్కాక టీటీఈని అడిగి సర్దుకోవచ్చు. సీనియర్ సిటిజన్ రాయితీ 2020 మార్చిలోనే తీసేశారు. మావయ్యగారు తప్పకుండా అడుగుతారు, ముందే చెప్పి ఉంచండి.

దిగే స్టేషను కూడా చూసుకోండి. కేఆర్ పురంలో ఆగే బండి దొరికితే మీ పంట పండినట్టే, పక్కనే పర్పుల్ లైన్ మెట్రో, కాడుగోడి దాకా బండి మారక్కర్లేదు. యశ్వంతపురమైతే గ్రీన్ లైన్ ఎక్కి మెజెస్టిక్‌లో మారాలి. ఎస్ఎంవీటీ (బయ్యప్పనహళ్లిలో కొత్తగా కట్టిన విశ్వేశ్వరయ్య టెర్మినల్) స్టేషను అద్దంలా ఉంటుంది గానీ మెట్రో నడిచే దూరంలో లేదు, సామాన్లతో ఆటోవాళ్ల బేరాలు తప్పవు. మీరే కారో క్యాబో తీసుకుని వెళ్లాలి.

కారం_దోశ
బస్సు మాట ఎత్తకండి. మా అమ్మానాన్నల్ని ఒక ప్రైవేటు బస్సువాడు మారతహళ్లికి టికెట్ తీసుకుని, తెల్లవారకముందే టిన్ ఫ్యాక్టరీ దగ్గర దించేసి 'ఇదే లాస్ట్ స్టాప్' అన్నాడు. రెండు సూట్‌కేసులు, ఒక మామిడిపళ్ల బుట్ట, నాన్నగారి ఫోనులో చార్జింగు లేదు. టీ బండి అతను తన ఫోనిచ్చి మాట్లాడించాడు.

ఒంగోలు_మాష్టారు
అమ్మాయ్, నేను మీ మావయ్యగారి పార్టీ. నేనూ టీచరుగానే రిటైరయ్యాను, ఏటా వేసవికి మా అబ్బాయి దగ్గరికి బెంగళూరు వస్తాను. ఎక్కడ తిప్పాలని అందరూ చెప్తారు గానీ, తిప్పని రోజుల సంగతి ఎవరూ చెప్పరు. వచ్చాక ఎక్కువ రోజులు గడిచేది ఇంట్లోనే కదా.

మొదటిసారి వచ్చినప్పుడు కరివేపాకు కోసం కిందికి దిగాను. తిరిగి వస్తుంటే గేటు దగ్గర సెక్యూరిటీ కుర్రాడు ఫ్లాటు నంబరు అడిగాడు, చెప్పాను. వాడు ఫోనులో ఏదో నొక్కాడు. అది మావాడి ఫోనుకి వెళ్లి అనుమతి అడుగుతుందట. మావాడు మీటింగులో ఉన్నాడు, ఫోను సైలెంటు. వచ్చేపోయే కొరియర్ కుర్రాళ్లందరికీ గేటు తెరుచుకుంటోంది, నేను మాత్రం కరివేపాకు కట్ట పట్టుకుని ఆ నీలం కుర్చీలో కూర్చున్నాను. ఆ రోజు తర్వాత కిందికి వెళ్లాలనిపించలేదు. వారం పోయాక కోడలే కనిపెట్టింది. గేటు యాప్‌లో మా ఇద్దరి పేర్లూ ఫొటోలూ ఇంటివాళ్లుగా ఎక్కించి, ఒక తాళంచెవి నా చేతికిచ్చింది. ఇక నన్ను పట్టుకునేవాళ్లు లేరు.

కాబట్టి వాళ్లు రైలెక్కే లోపే మీరు చేయాల్సిన పని అది. రెండోది, ఏదైనా ఒక పని అప్పగించండి. కూరగాయలో, పాలో, మనవణ్ణి ఈత క్లాసుకి దింపడమో. జేబులో కొంచెం నగదు ఉంచండి, అందరం ఫోనుతో కట్టలేం. సాయంత్రం కింద బెంచీ మీద తెలుగు మాట్లాడే పెద్దాయన ఒక్కరు దొరికారంటే మీ మీటింగులకి ఏ అడ్డూ ఉండదు. మాల్‌కి మాత్రం తీసుకెళ్లకండి. అక్కడ కాఫీ ధర చూశాక గొంతు దిగదు.

గుంటూరు_కోడలు
మాష్టారూ, గేటు సంగతి నాకు తట్టనే లేదు. ఈ రాత్రే ఎక్కిస్తాను. ఇంకో భయం, నీళ్లు. అత్తయ్యగారికి రెండుపూటలా స్నానం అలవాటు. మాకు వేసవిలో ట్యాంకర్లే.

నెల్లూరు_టు_నాగవార
నీళ్ల గురించి ముందే చెప్పేయండి, వచ్చాక చెప్తే మాట పడ్డట్టు ఉంటుంది. 2024 మార్చిలో ఇక్కడ మంచినీళ్లతో కారు కడిగితే 5,000 జరిమానా అన్నారు. ఆ వార్త మా అమ్మ టీవీలో చూసి, నేనేమీ అనకముందే షవరు మానేసి బకెట్టుకి దిగింది.

ఉల్సూరు_పాతకాపు
మేము మూడు తరాలుగా ఇక్కడే. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం. కాడుగోడి నుంచి మీకు మెట్రో ఉంది కదా, స్టేషన్లలో లిఫ్టులు ఉంటాయి, మోకాళ్ల వాళ్లకి కారు కన్నా అదే సుఖం. ఒక పొద్దున లాల్‌బాగ్ పెట్టుకోండి. మెజెస్టిక్‌లో గ్రీన్ లైనుకి మారితే లాల్‌బాగ్ స్టేషనే ఉంది. 240 ఎకరాలు నడవలేరు కాబట్టి అత్తయ్యగారికి బ్యాటరీ బండి అడగండి. మావయ్యగారిని, పిల్లల్ని ఆ పెద్ద రాతి గుట్ట ఎక్కించండి. అది దాదాపు 300 కోట్ల ఏళ్లనాటి రాయి, పైన ఈ ఊరిని స్థాపించిన కెంపేగౌడ కట్టించిన మండపం. టీచరుగారైతే అక్కడే పాఠం మొదలుపెడతారు. ఫ్లవర్ షో జనవరిలో, ఆగస్టులో గానీ మేలో ఉండదు. మామిడి మేళా పడితే మాత్రం వదలకండి, మీ బంగినపల్లి పక్కన మా రసపురి, బాదామి పెట్టి చూసుకోండి, తర్వాత మాట్లాడదాం.

అక్కణ్ణుంచి ఆటోలో బసవనగుడి. గుళ్లో పెద్ద బసవణ్ణను (రాతి నందిని) చూసి, గాంధీబజారులో విద్యార్థి భవన్ దోశ. 1943 నుంచి ఉన్న హోటలు. శని, ఆదివారాలైతే బయట చాలాసేపు నిలబడాలి, మామూలు రోజు వెళ్లండి. ఒక్క మాట, ఇక్కడి సాంబారు తియ్యగా ఉంటుంది, గుంటూరు నాలుకకి పడదు. చట్నీతో కానివ్వండి.

కరీంనగర్_పిల్ల
ఎండ ఎక్కువున్న రోజు కస్తూర్బా రోడ్డులో విశ్వేశ్వరయ్య మ్యూజియంకు పోండి. రైట్ సోదరుల విమానం నమూనా, పిల్లలు నొక్కి చూసే మెషీన్లు ఉంటయి. మా పోరగాళ్లు పొద్దున పోతే ఆకలైందాక బయటికి రాలే. కబ్బన్ పార్క్ స్టేషన్ల దిగి ఆటో ఎక్కండి. ఆదివారమైతే పార్కు లోపల బండ్లు బంద్ ఉంటయి, పిల్లలు హాయిగ ఉరుకుతరు.

ఇంకొకటి, బస్సులల్ల ఆడోళ్లకు ఫ్రీ అని మా అత్తమ్మ మస్తు సంబరపడ్డది. ఇక్కడి శక్తి పథకం కర్ణాటక అడ్రసు ఉన్నోళ్లకే. తెలంగాణ ఆధార్ చూపిస్తే కండక్టరు టికెట్ కొట్టిండు. 'మా దగ్గర ఫ్రీనే గద' అని ఆమె కన్నడోల్లతోని తెలుగుల ఒక స్టాపు దాకా కొట్లాడింది. మీ అత్తమ్మకు గూడ ముందుగాల చెప్పుండ్రి.

అనంత_సీమ
ఏమప్పా, అందరూ బెంగళూరు లోపలే తిప్పుతాండారు. ఒక దినం లేపాక్షికి పోండి. 120 కిలోమీటర్లు, హైవేలో బాగేపల్లి దాటినాక కొడికొండ చెక్‌పోస్టు కాడ తిరుక్కోవల్ల. పొద్దున్నే ఐదున్నరకు బయలుదేరితే ఎండ పడకముందే గుడి చూసేయచ్చు. పదకొండు దాటితే ఆ బండ మీద కాలు పెట్టలేరు, చెప్పులు బయటే విడవల్ల కదా. అందరికీ ఒక్కో జత పాత సాక్సులు పెట్టుకోండి.

అందరూ వేలాడే స్తంభం కింద గుడ్డ దూర్చి ఫొటోలు తీసుకుంటారు. అది సరే గానీ, మీ అత్తయ్యగారిని లతామండపం కాడ ఒక మూల కూర్చోబెట్టండి. ఆ స్తంభాల మీద ఒకదాని మీద ఉండే డిజైను ఇంకోదాని మీద ఉండదు. చీరలకు లేపాక్షి బార్డరు అనేది ఈణ్ణుంచే పోయింది. మా పెద్దమ్మ పోయినప్పుడు దేవుని దండం ఐదు నిమిషాలు, ఆ పువ్వుల కాడ గంట. తన కొంగు తీసి రాతి పక్కన పెట్టి, 'ఇది వానిదే, ఒక్క ఆకు మార్చినాడు నేసినోడు' అని అందరికీ చూపించింది. పెద్ద నంది ఊర్లో వేరే తావున ఉంది, పక్కన తోట ఉంటాది, పులిహోర కట్టుకుపోయింటే ఆడ తినచ్చు.

రెండు దినాలు తీరిక ఉంటే హార్స్‌లీ కొండ. చింతామణి, మదనపల్లె మీదుగా కారు పైదాకా పోతాది. నాలుగు వేల అడుగులు, మేలో కూడా సాయంత్రం చలి పెడతాది. రూములు మాత్రం ముందే చేసుకోవల్ల.

కారం_దోశ
మైసూరు ఎవరూ అనలేదేంటి? ఎక్స్‌ప్రెస్‌వే వచ్చాక పొద్దున వెళ్లి రాత్రికి వచ్చేయొచ్చు.

బెర్తు_బాబాయ్
వెళ్లొచ్చు, అత్తయ్యగారి మోకాళ్లు మాత్రం అక్కడే వదిలేసి రావాలి. కాడుగోడి నుంచి ఊరు దాటడానికే ఎంతసేపు పడుతుందో లెక్కేశావా? ప్యాలెస్‌లో చెప్పులు విడిచి అంతా నడవాలి, ఆపైన జూ, ఆపైన చాముండి కొండ. ఒక రాత్రి ఉండేట్టయితేనే మైసూరు. అదీ ఆదివారం చేరేలా చూసుకోవాలి, ఆదివారాలు, సెలవు రోజుల్లో రాత్రి ఏడింటికి ప్యాలెస్‌కి దీపాలు వేస్తారు, లక్షకు దగ్గర బల్బులు. మైదానంలో కూర్చుని చూడటమే, మెట్లు లేవు.

కారం_దోశ
మేము ఒక్క రోజులో చూసి వచ్చాం బాబాయ్, అమ్మ బాగానే ఉంది.

బెర్తు_బాబాయ్
అమ్మని అడిగావా, నువ్వే అనుకున్నావా?

ఒంగోలు_మాష్టారు
బాబాయ్‌గారి మాటే నా మాట. పిల్లలు అడిగితే బాగానే ఉందంటాం. రాత్రి జండూబామ్ మేమే రాసుకుంటాం. ఒక రోజు తిప్పితే మర్నాడు ఖాళీ ఉంచండమ్మా.

గుంటూరు_కోడలు
అందరికీ చాలా థ్యాంక్స్ అండీ. మావారితో కూర్చుని వేసిన ప్లాన్ ఇది. మే 15 శుక్రవారం రాత్రి బండి, పెద్దవాళ్లకి విడిగా టికెట్. శని, ఆదివారాలు విశ్రాంతి. సోమవారం పిల్లల్ని నెహ్రూ ప్లానిటోరియానికి తీసుకెళ్తాను, ఆ రోజు సెలవు పెడుతున్నాను. మంగళవారం మావారు అందరినీ బన్నేరుఘట్ట సఫారీకి తీసుకెళ్తారు, బస్సులో కూర్చునే చూడొచ్చు కాబట్టి అత్తయ్యగారికీ ఇబ్బంది లేదు. తర్వాతి వారం లాల్‌బాగ్, శనివారం లేపాక్షి. మైసూరు ఈసారి మానేశాం. మ్యూజియం వాన పట్టిన రోజుకి.

ఉల్సూరు_పాతకాపు
ప్లాన్ బాగుంది, రెండు రోజులు మార్చుకోండి. ప్లానిటోరియానికి సోమవారం సెలవు, బన్నేరుఘట్టకి మంగళవారం సెలవు.