గూళ్ల కాలంలో సముద్రంలో చమురు ఒలికితే తేలినీలాపురం పక్షులకు ముప్పు ఉంటుందా?

ప్రశ్న (టెక్కలి):
మా తేలినీలాపురంలో ఏటా గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు చింతచెట్ల మీద గూళ్లు కట్టుకుని, మేతకు నౌపడ చిత్తడి నేలలకు, భావనపాడు వైపు ఉప్పుటేర్లకు వెళ్తుంటాయి. మూలపేట రేవు పూర్తయితే ఓడల రాకపోకలు పెరుగుతాయి. 2023 డిసెంబరులో చెన్నై దగ్గర ఎన్నూరు ఏటిలో చమురు కలిసినప్పుడు ఒళ్లు నల్లబడిన గూడబాతుల ఫొటోలు చూసి మనసు కలత చెందింది. ఇక్కడ గూళ్లు సముద్రానికి ఎడంగా ఊళ్లో ఉన్నాయి కదా, చమురు వాటిదాకా చేరుతుందా?

జవాబు 1:
తప్పకుండా చేరుతుందండీ, దాన్ని మోసుకొచ్చేవి తల్లిదండ్రులే. గూడబాతు తన కాళ్ల తెడ్లనూ పొట్టనూ గుడ్లకు ఆనించి పొదుగుతుంది, నీటి మీద తెట్టు అంటుకునేదీ సరిగ్గా ఆ భాగాలకే. బాతు గుడ్ల మీద జరిపిన పరీక్షల్లో, పెంకుకు ఒక చుక్కకన్నా తక్కువ ముడిచమురు అంటినా అందులోని విషపదార్థాలు లోపలికి ఇంకి, ముఖ్యంగా పొదుగుడు మొదలైన తొలి రోజుల్లో, పిండాన్ని చంపేశాయని తేలింది. ఇక పిల్లలైతే తలను తల్లి గొంతు సంచిలో దూర్చి మేత తింటాయి కనుక, చమురు అంటిన చేపతో పాటు ఆ విషం కూడా వాటి కడుపులోకి పోతుంది. ఈకలు అట్టకట్టిన పెద్ద పక్షికి నీరు ఒంటికి తగిలి వేడి తగ్గిపోతుంది, ముక్కుతో ఈకలు దువ్వుకునేటప్పుడు చమురు మింగుతుంది, వేటకు వెళ్లలేక చనిపోతే దాని గూటిలోని పిల్లలూ ఆకలితో పోతాయి.

జవాబు 2:
పై జవాబుకు ఒక మాట చేర్చాలి. ఒడ్డున దొరికిన కళేబరాలను లెక్కపెట్టి నష్టం ఇంతేనని అనుకోకూడదు. 1989లో అలాస్కాలో ఎక్సాన్ వాల్డెజ్ ఓడ ప్రమాదం తరువాత 35 వేలకు పైగా పక్షుల కళేబరాలు దొరకగా, చనిపోయినవి దాదాపు రెండున్నర లక్షలని అంచనా వేశారు. సముద్రపక్షుల్లో చాలా జాతులు ఏళ్ల తరబడి బతికి ఏటా ఒకటి రెండు గుడ్లే పెడతాయి కాబట్టి, పొదిగే వయసులో ఉన్నవి పోతే ఆ లోటు పూడటానికి చాలా ఏళ్లు పడుతుంది.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండీ. అలాంటి పక్షి మా కంటపడితే ఏం చేయాలి?

జవాబు 3:
దయచేసి ఇంట్లో సబ్బుతో కడగకండి, నీరసించిన పక్షి ఆ బెదురుకే చచ్చిపోవచ్చు. గుడ్డ కప్పి, గాలి ఆడే అట్టపెట్టెలో వెచ్చగా ఉంచి అటవీశాఖ వారికి కబురు చేయండి. 2000లో కేప్‌టౌన్ దగ్గర ట్రెజర్ ఓడ మునిగినప్పుడు చమురు అంటిన సుమారు 19 వేల పెంగ్విన్లను శిక్షణ పొందినవారి పర్యవేక్షణలో కడిగి, అత్యధిక భాగాన్ని బతికించగలిగారు. గూళ్ల చెట్ల కిందికి మాత్రం గుంపుగా వెళ్లవద్దు, పెద్ద పక్షులు బెదిరి లేచిపోతే గుడ్లను కాకులు ఎత్తుకుపోతాయి.