గమ్ ఉన్న ఫోమ్ గాస్కెట్లకి లేజరా, డైయా?

ప్రశ్న (చర్లపల్లి నుంచి):
అందరికీ నమస్కారం. ఎలక్ట్రికల్ ప్యానెల్ బాక్సుల మూతలకి, సందు మూసేలా అంటించే ఫోమ్ గాస్కెట్లు చేస్తున్నాం. 3 ఎంఎం ఫోమ్, వెనక గమ్, దానికి రిలీజ్ పేపర్. ఇన్నాళ్లూ కట్టర్, స్టీలు స్కేలుతో చేత్తోనే కోశాం. ఇప్పుడు నెలకి 4,000 అడుగుతున్నారు. లేజర్‌తో కోయించాలా, డైతోనా (ముక్క ఆకారంలో కత్తి బిగించిన చెక్క అచ్చు, ప్రెస్‌లో నొక్కితే కోస్తుంది)? లేజర్ షాపాయన "డై ఖర్చు దండగ, ఫైల్ పంపితే చాలు" అంటాడు. డై చేసే ఆయనేమో "లేజర్ పెడితే గమ్ మాడిపోద్ది" అంటాడు. ఎవరి సరుకు వాళ్లు మెచ్చుకుంటారు కదా. ఈ పని చేసినవాళ్లు చెప్పండి.

జవాబు (జీడిమెట్ల, గాస్కెట్ల పనివాడు):
తమ్ముడూ, మిషన్ సంగతి తర్వాత. ముందు ఆ ఫోమ్ ఏ రకమో చెప్పు. ఈవీఏనా, పీఈనా, నైట్రైల్‌లో పీవీసీ కలిపిందా? నల్లగా ఉంటే అన్నీ ఒకలాగే కనిపిస్తాయి. పీవీసీ గానీ నియోప్రీన్ గానీ అయితే లేజర్ మాటే ఎత్తకు. కాలితే హైడ్రోజన్ క్లోరైడ్ వస్తుంది. తేమ తగిలితే అదే హైడ్రోక్లోరిక్ యాసిడ్. ఊపిరితిత్తులకి చేటు, మిషన్‌లో లేజర్ తల జారే పట్టాలకి తుప్పు.

సప్లయర్ సరిగ్గా చెప్పకపోతే ఇలా చూడు. రాగి తీగని, మంటలో ఆకుపచ్చ పోయేదాకా కాల్చు. వేడిగా ఉండగానే ఫోమ్‌కి తాకించి, అంటిన కాస్తతో మళ్లీ మంటలో పెట్టు. మంట ఆకుపచ్చగా వెలిగితే క్లోరిన్ ఉన్నట్టే. ఆరుబయట, చిటికెడు ముక్కతోనే చెయ్యి.

చర్లపల్లి:
చేశానన్నా, ఆకుపచ్చ రాలేదు. ఈవీఏ అని సప్లయర్ కూడా రాసిచ్చాడు. గమ్ యాక్రిలిక్.

జీడిమెట్ల:
అయితే రెండూ నడుస్తాయి. ఈవీఏ సీఓటూ లేజర్‌కి బాగానే తెగుతుంది, పేచీ అంతా గమ్‌తోనే. తెగిన చోట అది కరిగి, చల్లారేలోపు మళ్లీ కలిసిపోతుంది. ముక్క లేపితే పక్కది తీగలు సాగుతూ వెంట వస్తుంది. పవర్ తగ్గించి రెండు పాసుల్లో కోసి, గాలి ఊదుడు పెంచితే కొంత నయం. నీకు హాఫ్ కట్ కావాలి కదా, గమ్ దాకా తెగి పేపర్ మిగలాలి. ఫోమ్ మందం షీటంతా ఒకేలా ఉండదు. పలచగా ఉన్నచోట పేపర్ కూడా తెగుతుంది, మందంగా ఉన్నచోట గమ్ మిగిలిపోతుంది.

డైలో రూల్, అంటే ఆ స్టీలు కత్తి పట్టీ, ఎక్కడ ఆగాలో ప్రెస్ మీద సెట్ చేసుకుంటాం కాబట్టి హాఫ్ కట్ కుదురుతుంది. ఫోమ్ నొక్కుడికి అణిగి, తెగాక లేస్తుంది, దాంతో అంచు మధ్యలో కాస్త లోపలికి పోతుంది. 10 ఎంఎంలో కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది గానీ 3 ఎంఎంలో ఎవరూ పట్టించుకోరు. రూల్ పక్కన రబ్బరు ముక్కలు గట్టిగా అంటించమను, లేకపోతే ఫోమ్ డైలోనే ఇరుక్కుంటుంది.

గమ్ రూల్‌కి అంటుతోందని సిలికాన్ స్ప్రే కొడతారు. నువ్వు మాత్రం వద్దను. సిలికాన్ తగిలితే గమ్ పట్టు చెడిపోతుంది. పైగా గాస్కెట్లు వెళ్లేది పెయింట్ చేసే చోటికి, రేకు మీద సిలికాన్ మరక ఉంటే పెయింట్ గుంటలు పడుతుంది. ఆ కంప్లయింట్ నేను పడ్డాను. అప్పుడప్పుడు ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్) తడిపిన గుడ్డతో రూల్ తుడిస్తే చాలు.

జవాబు (విజయవాడ ఆటోనగర్, స్టిక్కర్ల షాపు):
తమ్ముడూ, నెలకి 4,000 అంటే డైయే. కానీ రేపే చేయించకండి. లేజర్ మీద ఓ 20 కోయించి పార్టీకి పంపండి, వాళ్లు బాక్సుకి బిగించి ఓకే అన్నాకే డై. మా పార్టీ కొలత మూడుసార్లు మార్చింది, రెండు డైలు అటకెక్కాయి.

చట్రంలా కోస్తే మధ్య ముక్కంతా చెత్తబుట్టకే. మీకు చిన్న బాక్సుల ఆర్డరు కూడా ఉంటే ఆ గాస్కెట్ పెద్దదాని లోపల కూర్చోపెట్టి ఒకే డై చేయించండి. ఫోమ్ ఎంత మిగులుతుందో మీకే తెలుస్తుంది.

చర్లపల్లి:
ఉంది మేడమ్, 200 బై 300 ఎంఎం బాక్సు. పెద్దదాని లోపల హాయిగా పడుతుంది! ఇన్నాళ్లూ ఆ మధ్య ముక్కలు బస్తాల్లో కట్టి బయటేశాం. సోమవారం లేజర్ శాంపిల్స్ కోయిస్తా. డై మా దగ్గర ఉంచుకోవాలా, వాళ్ల దగ్గరా?

జీడిమెట్ల:
డబ్బు నీదైతే డై కూడా నీ దగ్గరే. చెక్క మీద పార్టీ పేరు, కొలత, తేదీ మార్కర్‌తో రాయించు. నిలబెట్టి దాచు, ఒకదాని మీద ఒకటి పేర్చితే రూల్ అంచులు మొద్దుబారతాయి.