ఇనుము వేయని ఫ్లాస్కులోనూ డయాటమ్‌లు పెరుగుతున్నయి: నల్లగొండ ల్యాబుల్లో ఈ ప్రయోగం పెట్టాల్నా, వద్దా?

పానగల్లు తూము
ఎమ్మెస్సీ ప్రాజెక్టులకు ఏటా వచ్చే అంశమే ఇది. సముద్రపు డయాటమ్‌లకు (సిలికా పెంకుండే ఏకకణ శైవలాలు) అందరూ వాడే ఎఫ్ బై 2 పోషక ద్రావణంలో ఫెర్రిక్ క్లోరైడ్ మానేసి కీటోసెరాస్ అనే డయాటమ్ పెంచాలె, ఇనుము లేకుంటే పెరగదని చూపాలె. ఫలితం మాత్రం తలకిందులు. వేసిన ఫ్లాస్కు, వేయని ఫ్లాస్కు రెండూ ఒకే తేనె రంగుకొస్తయి. నా మాట: దుమ్ము రాని క్లీన్ రూమ్ లేని కాలేజీలో ఈ ప్రయోగం దండగ. పెంకుకు కావాల్సిన సిలికేట్ తీసేసి తేడా చూపిస్తే సరిపోతది. ఏమంటరు?

పాలమూరు కెమిస్ట్రీ
తలకిందులు ఎందుకవుతున్నదో ముందు లెక్క చూడండి సార్. మన దగ్గర సముద్రపు నీళ్లుండవు, ఉప్పులు కలిపి చేసుకుంటం. లీటరుకు సోడియం క్లోరైడ్ ఒక్కటే 24 గ్రాములు. సీసా లేబుల్ మీద ఇనుము గరిష్ఠంగా 0.0002 శాతం అని ఉందనుకుందాం. అంతా ఉంటే లీటరుకు 48 మైక్రోగ్రాములు, అంటే దాదాపు 860 నానోమోల్ (వెయ్యి నానోమోల్ ఒక మైక్రోమోల్). దక్షిణ మహాసముద్రం వంటి ఇనుము కరువున్న చోట్ల కరిగిన ఇనుము 0.2 నానోమోల్ కూడా ఉండదు. మనం "ఇనుము లేదు" అని రాసిన ఫ్లాస్కులో సముద్రం కన్నా నాలుగు వేల రెట్లకు పైనే ఉండొచ్చు. మెగ్నీషియం, కాల్షియం ఉప్పులతో వచ్చేది ఇంకా కలపనే లేదు.

ఎర్రచల్క
ఉప్పు ఒక్కటే కాదన్నా. ఎండాకాలం కిటికీ తెరిచి పెట్టి మాధ్యమం (పెంచే ద్రావణం) కలుపుతరు. మన చల్క నేలల ఎరుపే ఇనుప ఆక్సైడ్. దుమ్ములో ఇనుము 4 శాతం అనుకున్నా, లీటరులో ఒక్క మిల్లీగ్రాము పడితే 40 మైక్రోగ్రాములు. అంతా కరగదు గని, కొంత కణాలకు అందుతది.

పెరుగుదల తగ్గితే కొందరు బోరు నీళ్ల ఫ్లోరైడ్ మీదికి నెపం నెడుతరు. అది ఇక్కడ లెక్కలోకి రాదు, సముద్రపు నీళ్లలోనే లీటరుకు 1.3 మిల్లీగ్రాములు ఉంటది. అసలు దొంగ పాత డిస్టిలేషన్ యూనిట్. లోపల రాగి బాయిలర్ ఉంటే ఆ నీళ్లల్లో రాగి దిగుతది, కీటోసెరాస్ పెరుగుదల కుంటుపడ్డా అది ఇనుము కొరత కాదు, రాగి విషం. గాజు డబుల్ డిస్టిలేషన్ నీళ్లే వాడండి. నల్ల రబ్బరు బిరడాలు కూడా తీసేయండి, వాటిల్ల జింక్ ఆక్సైడ్ ఉంటది.

మూసీ గట్టు
లోహాలను పట్టి ఉంచే ఈడీటీఏ సంగతి ఎవ్వరూ ఎత్తలేదేంది? ఎఫ్ బై 2 లో ఇనుము, ఈడీటీఏ రెండూ లీటరుకు 11.7 మైక్రోమోల్ చొప్పున సమానంగా ఉంటయి. ఫెర్రిక్ క్లోరైడ్ ఆపితే ఈడీటీఏ కొంత ఖాళీ అయి రాగి, జింక్, కోబాల్ట్‌లను పట్టుకుంటది. అప్పుడు పెరుగుదల తగ్గితే అది జింక్ కొరతో ఇనుము కొరతో ఎట్ల చెప్తరు? కార్బన్ డయాక్సైడ్ వాడుకోవడానికి సాయపడే కార్బోనిక్ అన్‌హైడ్రేజ్ ఎంజైముకు జింక్ కావాలె, అది చాలకపోతే కొన్ని డయాటమ్‌లు కోబాల్ట్, కాడ్మియంతో నెట్టుకొస్తయి. ఇదంతా కలిసిపోతది.

అందుకే ఈ రంగంలోవాళ్లు అక్విల్ వంటి కృత్రిమ సముద్రపు నీటి మాధ్యమంలో ఈడీటీఏ 100 మైక్రోమోల్ పెడుతరు. అది లోహాలన్నిటికన్నా ఎంతో ఎక్కువ కాబట్టి, ఒక్క లోహం మార్చినా మిగతావాటి స్వేచ్ఛా అయాన్లు (దేనికీ అంటకుండా కరిగి ఉన్నవి) కదలవు.

పానగల్లు తూము
మీరు ముగ్గురూ కలిసి నా వాదననే బలపరుస్తున్నరు. ఇన్ని దారుల్ల లోహం దిగుతుంటే విద్యార్థి ఏం తేలుస్తడు?

డిండి వాగు
ఇనుము లోపలికి రాకుండా ఆపలేనప్పుడు, వచ్చినదాన్ని కట్టేయాలె. డెస్ఫెరియోక్సమిన్ ఉంది కదా, తలసేమియా పిల్లలకు ఇచ్చే మందు. ఫెర్రిక్ ఇనుమును ఉడుంపట్టు పడుతది. 500 మిల్లీగ్రాముల వయల్ దొరుకుతది, లీటరుకు 10 మైక్రోమోల్ కావాలంటే 6.6 మిల్లీగ్రాములు చాలు. పైన లెక్క తేలిన దాదాపు ఒక మైక్రోమోల్ చిల్లర ఇనుముకు ఇది పది రెట్లు. ఒక మైక్రోమోల్ మందే వేస్తే చాలదు, చాలామంది అక్కడే బోల్తా పడుతరు.

నాలుగు సెట్లు, ఒక్కోటి మూడు సీసాలు. మొదటిది పూర్తి మాధ్యమం. రెండోది ఫెర్రిక్ క్లోరైడ్ లేకుండా, మందుతో. మూడోది రెండోదే, గని పెరుగుదల ఆగిన రోజు లీటరుకు 20 మైక్రోమోల్ ఇనుము (ఫెర్రిక్ క్లోరైడ్ హెక్సాహైడ్రేట్ 5.4 మిల్లీగ్రాములు). నాలుగోది కూడా రెండోదే, ఆ రోజే జింక్, కోబాల్ట్, మాంగనీస్ రెట్టింపు. మూడోది మాత్రమే కోలుకుంటే ఇనుము కొరత అని ధైర్యంగా రాయొచ్చు. నాలుగోది కూడా కోలుకుంటే మూసీ గట్టు మేడమ్ భయం నిజమైనట్టు.

సీసాలు పాలికార్బొనేట్ లేదా పాలిప్రొపిలీన్. 900 మిల్లీలీటర్ల నీళ్లలో 100 మిల్లీలీటర్ల గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోసి (ఆమ్లాన్నే నీళ్లలోకి) వారం నానబెట్టి, ఐదుసార్లు కడగాలె. ఆటోక్లేవ్ వద్దు, ఆవిరిలోనే లోహం ఉంటది. పైగా ఇనుము, ఫాస్ఫేట్ కలిసి తెల్లటి మడ్డిగా అడుగున దిగుతయి. 0.2 మైక్రాన్ ఫిల్టర్ వాడండి.

అసలు మర్చిపోయేది విత్తనం, అంటే కొత్త సీసాలో మొదట వేసే కణాలు. పాత కల్చర్ కణాలు ఇనుము దాచుకొని వస్తయి, ఆ నిల్వతోనే మొదటి కొన్ని విభజనలు గడిచిపోతయి. రెండో సెట్ మాధ్యమంలోనే మూడుసార్లు మార్చి, నాలుగోసారి లెక్క మొదలుపెట్టండి. రోజూ ఒకే వేళకు హీమోసైటోమీటర్ (కణాలు లెక్కపెట్టే గళ్ల స్లైడు) మీద లెక్కించి, ఒకే రేటున రెట్టింపవుతూ పెరుగుతున్న రోజులే తీసుకోండి.

మూసీ గట్టు
ఒప్పుకుంట. అయినా "సముద్రంలో ఇట్లే జరుగుతది" అని ముగింపులో రాయొద్దు. 2009లో భారత్, జర్మనీ కలిసి దక్షిణ అట్లాంటిక్‌లో చేసిన లోహాఫెక్స్ ప్రయోగం చూడండి. సుమారు 300 చదరపు కిలోమీటర్ల మేర ఇనుము చల్లితే డయాటమ్‌లు పెద్దగా లేవలేదు, సిలికేట్ ముందే తక్కువ. పెరిగిన చిన్న శైవలాలను కోపెపాడ్‌లు (రొయ్యజాతి చిన్న జీవులు) మేసినయి. పైగా కీటోసెరాస్‌లో హ్యాచరీలు పెంచేవి తీరం రకాలు, వాటికి ఇనుము ఎక్కువే కావాలె. నడి సముద్రపు రకాలు చాలా తక్కువతో బతుకుతయి.

పాలమూరు కెమిస్ట్రీ
ఆ మాట నిజమే మేడమ్. శీర్షికలోనే "డెస్ఫెరియోక్సమిన్ సమక్షంలో" అని రాస్తే గొడవ ఉండదు.

పానగల్లు తూము
మందు దొరికితే ఒక్క బ్యాచ్‌తో చేయిద్దాం. కానీ మిగతావాళ్లకు నా ఓటు సిలికేట్‌కే. చవక, ఫ్లాస్కులు ఉన్నవే చాలు.

డిండి వాగు
ఉన్నవి గాజు ఫ్లాస్కులు కదా సార్! గాజు నుంచే సిలికా కరుగుతది, "సిలికేట్ లేదు" అన్న మీ సెట్‌లో కూడా డయాటమ్‌లు పెరుగుతనే ఉంటయి. ప్లాస్టిక్ సీసాలు మీకూ కొనక తప్పదు.