అత్తామావలు, పిల్లలతో రెయిన్‌ఫారెస్ట్ ట్రాక్: అందరూ కలిసే నడవాలా, విడిపోవచ్చా?

కొండగాలి:
వచ్చే శనివారం బ్రిస్బేన్ నుంచి స్ప్రింగ్‌బ్రూక్ నేషనల్ పార్క్‌కి వెళ్తున్నాం. ఇండియా నుంచి వచ్చిన మా అత్తయ్య, మావయ్య, మా పిల్లలు (ఐదేళ్లు ఒకడికి, పదకొండేళ్లు ఒకడికి), మేమిద్దరం. అనుకున్నది పర్లింగ్ బ్రూక్ ఫాల్స్ సర్క్యూట్ (జలపాతం దగ్గర మొదలైన చోటికే తిరిగొచ్చే నడక దారి), 4 కిలోమీటర్లు. మావయ్యగారికి మోకాళ్ల నొప్పులు. అయినా "నా వల్ల మీ సరదా ఎందుకు పాడవ్వాలి" అని అందరికంటే ముందే బయల్దేరతారు. కలిసి నడవకపోతే ఫ్యామిలీ ట్రిప్ ఎందుకని మా ఆయన. రెండు జట్లుగా వెళ్దామని నేను. ఇంట్లో తేలడం లేదు, మీరు చెప్పండి.

లోగన్ బాబాయ్:
అడవిలో విడిపోవడం నేను ససేమిరా ఒప్పుకోను. లెక్క చూడమ్మా. గట్టిగా నడవగలిగిన పెద్దవాళ్లు మీరిద్దరే. విడిపోతే ఇద్దరు పిల్లలతో ఒక్కరు, ఇద్దరు పెద్దలతో ఒక్కరు. అక్కడున్నది 100 మీటర్లు దాటిన జలపాతం, కంచె పక్కన పిల్లాడి చెయ్యి వదిలే ప్రశ్నే లేదు. లోయలోకి దిగాక ఫోన్ సిగ్నల్‌ని నమ్ముకోలేం.

ఇంకోటి, స్టింగింగ్ ట్రీ. చెట్టు కూలి ఎండ పడిన చోట, ట్రాక్ అంచుల్లో మొలుస్తుంది. హృదయం ఆకారంలో పెద్ద ఆకు, పైన మెత్తటి నూగు, పురుగులు తిన్న చిల్లులు. చూస్తే నిమరాలనిపిస్తుంది. ముట్టుకుంటే సన్నటి సిలికా ముళ్లు చర్మంలోనే ఉండిపోతాయి, నొప్పి వారాల తరబడి, ఒక్కోసారి నెలల తరబడి తిరగబెడుతుంది. ఐదేళ్లవాడు ప్రతి ఆకునీ పట్టుకుంటాడు కదా! వాడి పక్కన ఒకరు, మావయ్యగారి పక్కన ఒకరు, అందరికంటే ముందు నెమ్మదిగా నడిచేవాళ్లు. ఇదే పద్ధతి.

గమ్‌చెట్టు:
బాబాయ్‌గారూ, నెమ్మదైనవాళ్లు ముందుండాలన్న మాట బంగారం. కానీ మావయ్యగారి మోకాళ్ల సంగతి మీరు పట్టించుకోలేదు. ఆ సర్క్యూట్ అంటేనే జలపాతం అడుగుకి దిగి, మళ్లీ పైకి రావడం. మెట్లే మెట్లు. మోకాలి నొప్పి ఉన్నవాళ్లకి ఎక్కడం కంటే దిగడమే నరకం. సగం దూరం వెళ్లాక "ఇక నావల్ల కాదు" అంటే ముందుకెళ్లినా వెనక్కొచ్చినా అంతే దూరం. పైగా ఆయన అనరు కూడా. మన పెద్దవాళ్లు పళ్ల బిగువున నడిచి, ఇంటికొచ్చాక రాత్రంతా కాళ్లకి నూనె రాసుకుంటారు. దాన్ని కలిసి గడపడం అంటారా?

ట్రాక్ గ్రేడ్ చూసి వెళ్తే చాలనుకోవద్దు. 1 నుంచి 5 దాకా ఇచ్చే గ్రేడు దూరం, మెట్లు, వాలు, దారి బాగోగులు చెబుతుంది, మోకాలి గురించి కాదు.

నా సలహా: పర్లింగ్ బ్రూక్ దగ్గర పార్కింగ్ నుంచి కాస్త దూరంలోనే లుకౌట్ ఉంది, జలపాతం బాగా కనిపిస్తుంది. అక్కడిదాకా అందరూ కలిసి వెళ్లండి. తర్వాత పెద్దవాడితో ఒకరు సర్క్యూట్‌కి వెళ్లండి, చిన్నవాడూ పెద్దలూ ఇంకొకరితో పైనే ఉండిపోతారు. బాబాయ్‌గారి లెక్క కూడా సరిపోతుంది, దిగే జట్టులో ఒక్క పిల్లాడే. సర్క్యూట్ సవ్యదిశలో నడవండి, నిటారు ఎక్కుడు తప్పుతుంది. "మధ్యలో ఎదురొస్తాం" అన్న ఒప్పందాలు మాత్రం వద్దు. కలిసే చోటు పార్కింగే, టైమ్ ముందే అనుకోండి. రెండు జట్ల ఫోన్లలోనూ ఎమర్జెన్సీ ప్లస్ యాప్ ఉండాలి. ఎమర్జెన్సీ నంబరు 000కి కాల్ కలిసినప్పుడు మీరెక్కడున్నారో చెప్పడానికి కావలసిన వివరాలు అందులో కనిపిస్తాయి.

తర్వాత కారులో బెస్ట్ ఆఫ్ ఆల్ లుకౌట్‌కి పోండి. రానూ పోనూ 600 మీటర్లే, దారిలో అంటార్కిటిక్ బీచ్ (beech) చెట్లు, గోండ్వానా అనే పురాతన మహాఖండం నాటి వంశం. ఇది మావయ్యగారి ట్రాక్. మబ్బు పట్టిందంటే లుకౌట్‌లో తెల్లటి గోడ తప్ప ఏమీ కనపడదు, చెట్లు మాత్రం అప్పుడే ఇంకా బాగుంటాయి.

సిడ్నీ పిన్ని:
కలిసి వెళ్లాలా విడిపోవాలా అన్నదానికంటే ముందు ఆ రోజు అసలు వెళ్లాలా అన్నది చూసుకోండి. 2022 ఏప్రిల్‌లో మా బ్లూ మౌంటెన్స్‌లో వెంట్‌వర్త్ పాస్ ట్రాక్ మీద కొండచరియ విరిగిపడి ఒక కుటుంబంలో తండ్రీ కొడుకూ చనిపోయారు. అప్పటినుంచి పెద్ద వానల తర్వాత కొండ అంచు ట్రాక్‌లకి నేను ఎవర్నీ తీసుకెళ్లను. బయల్దేరే రోజు పొద్దున్నే పార్క్స్ సైట్‌లో ట్రాక్ తెరిచి ఉందో లేదో చూడండి.

ఇంకో మాట. అత్తయ్యగారు, మావయ్యగారు విజిటర్ వీసా మీద వచ్చారంటే మెడికేర్ (ఇక్కడి ప్రభుత్వ వైద్య సదుపాయం) ఉండదు. క్వీన్స్‌లాండ్ వాళ్లకి అంబులెన్స్ ఉచితమే కానీ అతిథులకి కాదు. ట్రావెల్ ఇన్సూరెన్స్‌లో ట్రెక్కింగ్ గురించి ఏం రాశారో ఒకసారి చదవండి.

జలగ బాధితుడు:
వాన పడితే జలగలు ఖాయం. పీకొద్దు, గోరు అంచుతో పక్కకి తోసేస్తే వదిలేస్తుంది. టిక్ (చర్మానికి పట్టుకుని రక్తం పీల్చే చిన్న పురుగు) అయితే పిండకూడదు, అక్కడికక్కడే ఫ్రీజ్ చేసే స్ప్రే ఫార్మసీలో దొరుకుతుంది. పిల్లాడికి జలగ ఫొటో ముందే చూపించండి, లేదంటే వాడి కేకలకి ట్రాక్ మొత్తం ఆగిపోతుంది 😄

లోగన్ బాబాయ్:
గమ్‌చెట్టు గారు, ఒక్క పిల్లాడితో ఒక్క పెద్ద అంటే ఆ పెద్దకే కాలు బెణికితే? పదకొండేళ్లవాడు ఒక్కడే సాయం కోసం పరిగెత్తాలా? అందరం కలిసి చిన్న ట్రాక్ నడిస్తే చాలదా? సర్క్యూట్ ఎక్కడికీ పోదు, అత్తామావలు వెళ్లిపోయాక నడవొచ్చు.

గమ్‌చెట్టు:
వీకెండ్‌లో ఆ ట్రాక్ మీద జనం ఉంటారు బాబాయ్‌గారూ. కాలు బెణికితే కదలకుండా కూర్చుని, వచ్చేవాళ్లని ఆపమని పిల్లాడికి ముందే చెప్పాలి. పదకొండేళ్లొచ్చినా వాడిని ఎప్పుడూ 600 మీటర్లకే కట్టేస్తే, ఇంకెప్పుడూ అడవికి రానంటాడు. అది కూడా నష్టమే.

కొండగాలి:
థాంక్స్ అందరికీ. లుకౌట్ దాకా కలిసి, తర్వాత పెద్దవాడితో మా ఆయన, మిగతావాళ్లతో నేను పైనే. వాన పడితే సర్క్యూట్ క్యాన్సిల్, బాబాయ్‌గారి మాటే. మా ఆయన్ని ఒప్పించేశాను. మావయ్యగారిని ఇంకా లేదు. ఆయన నిన్నే కొత్త బూట్లు కొనుక్కొచ్చారు.