‘గుట్టు’, ‘రహస్యం’ ఒకటేనా? ఒక నవల పేరు కోసం

అందరికీ నమస్కారం. మాది ఒడిశాలోని బరంపురం. మూడు తరాలుగా పట్టుచీరల కొట్టు. నేనొక నవల రాస్తున్నాను, ఇంగ్లీషువాళ్ళు ‘కోజీ మిస్టరీ’ అంటారే, ఆ తరహాది. చిన్న ఊరు, అందులో బేకరీయో పుస్తకాల షాపో నడుపుకునే కుటుంబం. ఏదో జరగరానిది జరుగుతుంది. పోలీసులకంటే ముందు ఆ ఇంటి కోడలో పక్కింటి పెద్దావిడో కూపీ లాగుతుంది. హత్య జరిగినా తెర వెనకే, నెత్తురు పేజీ మీదికి రాదు. ఊళ్ళో అందరూ తెలిసినవాళ్ళే కాబట్టి ఎవరు ఏ వేళకి వచ్చి వెళ్ళారు, ఎవరికి ఎవరితో మాటలు లేవు అన్నవే ఆనవాళ్ళు.

ఈ తరహాని తెలుగులో ఏమనాలి? చేతికందేది ‘అపరాధ పరిశోధన’. ఆ మాట వింటే నాకు టోపీ, టార్చిలైటు, తుపాకీ కళ్ళముందుకొస్తాయి. నా కథలో ఉన్నది గల్లాపెట్టె, తూనికరాయి, మడతపెట్టిన చీరలు. ‘రహస్యం’ పెడదామంటే అది తాళం వేసిన గదిలా ఉంది.

నాకు తట్టింది ‘గుట్టు’. ‘రహస్యంగా ఉంటున్నాడు’ అంటే అనుమానం. ‘గుట్టుగా బతుకుతున్నారు’ అంటే మెచ్చుకోలు. రహస్యం ఒక్కడి దగ్గరైనా ఉంటుంది, గుట్టుకి మాత్రం ఇల్లంతా కావాలి. ఇంట్లో అందరికీ తెలుసు, గడప దాటి ఎవరికీ తెలియదు. మా కొట్టునే చూడండి. చీరకి కట్టే చీటీ మీద కొన్న ధర అంకెల్లో రాయం. పది అక్షరాల మాట ఒకటి ఉంటుంది, ఒక్కో అక్షరం ఒక్కో అంకె. మా మాట చెప్పకూడదు కాబట్టి వేరేది చెప్తాను: ‘శ్రీవేంకటరమణ పాలించు’. శ్రీ ఒకటి, వేం రెండు, అలా చివరి చు సున్నా. చీటీ మీద ‘కటరచు’ అని ఉంటే అసలు 3,450 రూపాయలన్నమాట. కొనేవాళ్ళు ఎదురుగా కూర్చుని ఉండగానే నాన్న ఆ చీటీ చూసి ఎంతవరకు దిగొచ్చో లెక్కేసుకుంటారు. చిన్నప్పుడు నాకు ఎక్కాలకంటే ముందు వచ్చింది ఆ మాటే. దాన్ని రహస్యమని ఇంట్లో ఎవరూ అనలేదు, కొట్టు గుట్టు అనేవారు.

నవలకి ఈ మాట పెడితే చదివేవాళ్ళకి అందుతుందా?

పర్లాకిమిడి నుంచి ఒక మాస్టారు:
అందుతుంది తల్లీ. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరు మాది. జనం నోట్లో ఉన్న మాటని పుస్తకంలోకి తేవడానికే ఆయన జీవితం ధారపోశారు. 1936లో మా ఊరు ఒరిస్సాలో కలిస్తే ఆ బాధతో రాజమండ్రి వెళ్ళిపోయారు. మేం ఉండిపోయాం, మాటా ఉండిపోయింది.

అయితే సామెతలు చూసుకో. ‘ఇంటి గుట్టు లంకకు చేటు’ అంటారు. విభీషణుడి కథే అది. పైకి చూస్తే గుట్టే చేటన్నట్టుంది గానీ, చేటు గుట్టులో లేదు, అది గడప దాటడంలో ఉంది. సామెత ఆ సగాన్ని మింగేసింది. ఇంకోటి, ‘సంసారం గుట్టు, రోగం రట్టు’. ఇల్లు నడిచే తీరు దాచుకోవాలి, ఒంట్లో జబ్బు పదిమందికీ చెప్పాలి, ఎవరో ఒకరు మందు చెప్తారు. నీ నవలలో తేలాల్సింది ఇదే కదా? ఆ ఇంట్లో జరిగింది సంసారమా, రోగమా? దాచాలా, చెప్పాలా? అది తేల్చడానికి నీ కోడలు ఎన్ని రాత్రులు నిద్రపోదో, నవల అంత ఉంటుంది.

రాయగడ నుంచి:
అక్కా, ‘ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడు’ అన్న సామెతలోంచి ‘ఇంటిదొంగ’ అని పెట్టీ. కొట్టులో డబ్బు పోయిందంటే మొదటి అనుమానం ఇంటివాళ్ళ మీదకే వొస్తాది.

మొదటి ప్రశ్న అడిగినావిడ:
తమ్ముడూ, పేరులోనే దొంగ ఉన్నాడని చెప్పేస్తే చదివేవాళ్ళు మొదటి పేజీ నుంచే కథలోని చిన్నాన్న మీద కన్నేస్తారు. అదీ కాక మా కథలో దొంగ ఉన్నాడో లేడో నాకే ఇంకా తేలలేదు.

మాస్టారూ, ‘సంసారమా, రోగమా’ అన్న మీ మాట కాగితం మీద రాసి గల్లాపెట్టె మూతకి అంటించుకున్నాను. సరిహద్దు మాట ఇంకొకటి కూడా వాడదామనుకుంటున్నాను. ఒడియాలో పట్టుని ‘పాట’ అంటారు. మా చీటీల మీద తెలుగు లిపిలో ‘పాట’ అని ఉంటుంది. అది చూసి విజయవాడ నుంచి వచ్చినవాళ్ళు ఏ పాట అని అడుగుతారు, మా వీధివాళ్ళు ఏ అంచు అని అడుగుతారు. ఊరివాడెవడో, పైవాడెవడో ఆ ఒక్క మాటతో తెలిసిపోతుంది.

ఇక నవలలో కొట్టుకి ఒక పదక్షరాల మాట కావాలి. ఒక్క అక్షరమూ తిరిగి రాకూడదు. ఎవరైనా చెప్పండి.

రాయగడ నుంచి:
‘చెరువులో తామర పూసింది’. లెక్క పెట్టీసేను అక్కా, సరిగ్గా పది.

మొదటి ప్రశ్న అడిగినావిడ:
చాలా బాగుంది తమ్ముడూ. అక్షరాలన్నీ వేరే. కానీ రెండో అక్షరం ‘రు’, ఏడోది ‘ర’. రెంటికీ తేడా ఒక్క కొమ్మే. పండగ రద్దీలో, చీర ఒళ్ళో పెట్టుకుని పెన్సిలుతో రాసేటప్పుడు కొమ్ము సరిగా పడకపోతే? 2,650 రూపాయల చీరకి ‘రుమతాది’ అని ఉండాలి. కొమ్ము పోతే ‘రమతాది’, అంటే 7,650.

నిన్న రాత్రి ఇది రాసుకుని చూశాక నిద్ర పట్టలేదు. ఆ చీర అమ్ముడుపోతుంది, దాని చీటీ గుచ్చులోకి వెళ్తుంది. మార్చి నెలాఖరున సరుకు లెక్క తీసేవాళ్ళు ఆ చీటీ చదివి, 7,650 చీర అమ్మితే ఇంత డబ్బే వచ్చిందేమిటని అడుగుతారు. అయిదు వేలు లోటు. పెదనాన్న చిన్నాన్నని అనుమానిస్తాడు, పైకి అనడు. చిన్నాన్న తన కొడుకేమోనని భయపడి సొంత డబ్బు తెచ్చి గల్లాలో పెడతాడు, అదీ ఎవరికీ చెప్పడు. ఒకరి కోసం ఒకరు గుట్టుగా ఉండబట్టే లెక్క ఇంకా చిక్కుపడిపోతుంది.

అపరాధమే జరగని ఈ కథకి ‘అపరాధ పరిశోధన’ అన్న పేరు ఎలాగూ అతకదు. ‘కొట్టు గుట్టు’ అని పెడుతున్నాను. మాస్టారూ, కోడలు ఆ చీటీని వెలుతురుకి ఎత్తి పట్టుకుని చూస్తుంది. ‘ర’ పక్కన పెన్సిలు ఒరుసుకుని పోయిన గీత సన్నగా మెరుస్తుంది. దాన్ని ‘కొమ్ము జాడ’ అని రాయనా, ‘కొమ్ము ఆనవాలు’ అని రాయనా?

పర్లాకిమిడి మాస్టారు:
జాడ. ఆనవాలు ఎవరో కావాలని ఇచ్చేది, హనుమంతుడు సీతమ్మకి ఇచ్చిన ఉంగరంలాగ. ఇది తెలియకుండా మిగిలిపోయింది.